మంద్రస్థాయి: బొగ్గు బాయిల సీమలో బేస్ గిటారు నడిచిన త్రోవ

మన శతాబ్ది సంచికకు సంగీత పరిచర్య గురించి ఒక వ్యాసము వ్రాయుమని సంపాదకవర్గమువారు అడిగినప్పుడు, కీర్తనల గురించి, గాయక బృందము గురించి వ్రాయదగినవారు నాకంటె అనేకులు కలరని మనవి చేసినాను. వారు వినలేదు. అందుచేత నాకు తెలిసిన ఒక్క సంగతినే వ్రాయుచున్నాను. అది బేస్ గిటారు. నలుబది ఏండ్లకు పైగా దానిని భుజమునకు తగిలించుకొని పెండ్లి పందిళ్ళలోను, కంపెనీ కమ్యూనిటీ హాళ్ళలోను, కన్వెన్షన్ సభలలోను, మన గుడిలోను నిలబడినాను. పొట్టకు మాత్రము సింగరేణిలో ఎలక్ట్రీషియను పని చేసి 2018లో రిటైరైనాను.

ఆరాధన ముగియగానే పిల్లలు చుట్టుముట్టి అడుగు ప్రశ్న ఇప్పటికీ ఒక్కటే: "తాతా, రెండు తీగలు తెగినయా?" మామూలు గిటారుకు ఆరు తీగలుండగా దీనికి నాలుగే ఉండుట చూచి వారికి జాలి కలుగును. తెగలేదు, ఉండవలసినవే నాలుగు. చేతి మీటుకు మోకు వలె తగులు లావు తీగలు. పురుషుడు మాటలాడునప్పుడు అతని గొంతు సెకనుకు సుమారు 110, 120 కంపనములు పలుకును. బేస్ గిటారు మీది లావు తీగ 41 మాత్రమే పలుకును. తరువాతి మూడును 55, 73, 98. అనగా మన గొంతు ఆగిపోయిన చోటికి క్రింద ఇంకొక మెట్ల వరుస దిగినట్లు. బాయిలో దిగినవారికి ఈ పోలిక చెప్పనక్కర లేదు.

పూర్వము పాశ్చాత్య దేశములలో ఈ పనిని మనిషి ఎత్తు పెద్ద ఫిడేలు చేసేది. దానిని డబుల్ బేస్ అందురు. మోయుట కష్టము, బ్యాండులో వినబడుట కష్టము, స్వరస్థానము వెదకుకొనుట మరీ కష్టము. 1936 ప్రాంతమున అమెరికాలోని సియాటిల్ నగరములో పాల్ టుట్‌మార్క్ అనునతడు దానిని గిటారంత చేసి విద్యుత్తుతో పలికించినాడు గాని, కొన్నవారు తక్కువ. 1951లో లియో ఫెండర్ తెచ్చిన వాయిద్యము నిలిచినది. దానికి ఆయన పెట్టిన పేరు ప్రెసిషన్. ఫ్రెట్లు బిగించుటచేత వ్రేలు పెట్టిన చోట స్వరము తప్పదు, ఖచ్చితముగా పలుకునని ఆ పేరుకు అర్థము. తీగ పొడవు 34 అంగుళములు. నేటికిని చాలమంది కంపెనీలవారు అదే కొలత వాడుచున్నారు. 1957లో ఆయన తీగల క్రింది అయస్కాంతపు చుట్టను రెండు ముక్కలుగా చేసి ఎదురెదురుగా చుట్టించినాడు. దానివలన కలిగిన మేలు గోదావరిఖనిలో ఎట్లు తెలిసినదో ముందు చెప్పెదను.

అమెరికాలోని డెట్రాయిట్ నగరములో జేమ్స్ జేమర్సన్ అను నల్లజాతి వాద్యకారుడు ఉండినాడు. కుడిచేతి చూపుడు వ్రేలు ఒక్కదానితోనే మీటి వందల పాటలకు ప్రాణము పోసినాడు. తీగలు తెగితే తప్ప మార్చడని ప్రతీతి. 1983లో ఆయన చనిపోయినప్పుడు ఆయన పేరు ఎరిగినవారు తక్కువ. బేస్ వాయించువాని బ్రతుకు ఏ దేశములోనైనా అంతే. మన దేశములో ఆర్.డి. బర్మన్ పాటల క్రింద టోనీ వాజ్, ఇళయరాజా పాటల క్రింద శశిధరన్ వాయించినారు. "సాగర సంగమం", "అభినందన", "గీతాంజలి" పాటలు నోటికి వచ్చినవారు మన ఇండ్లలో ఎందరో కలరు. వాటి క్రింద నడిచిన శశిధరన్ గారి పేరు చెప్పగలవారిని వ్రేళ్ళ మీద లెక్కింపవచ్చును.

ఇక మన సీమకు వచ్చెదను. 1871లో డాక్టర్ విలియం కింగ్ ఇల్లెందు ప్రాంతమున బొగ్గు కనుగొనుట, 1889లో త్రవ్వకము మొదలగుట, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ ఏర్పడుట మీరెరిగినవే. గోదావరి ఒడ్డుననున్న మన రామగుండము వైపు బాయిలు వచ్చినది 1960 ప్రాంతములోనే. అడవి కొట్టి క్వార్టర్లు కట్టినారు. నాలుగు దిక్కులనుండి జనము వచ్చినారు. గుంటూరు వైపునుండి వచ్చినవారు లూథరన్లు. ఒంగోలు, హనుమకొండలవారు బాప్టిస్టులు. మెదకు, కరీంనగరు పల్లెలవారు వెస్లియను మిషనువారు. డోర్నకల్లు వైపువారు 1912లో బిషప్పుగా అభిషిక్తులైన అజరయ్యగారి చేతిక్రింద పెరిగిన ఆంగ్లికన్ కుటుంబములవారు. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు వెస్లియనులు, ఆంగ్లికనులు కాగితము మీద ఒక్కటైనారు గాని రాగము మీద ఒక్కటి కాలేదు. ఒకే కీర్తనను ఒకరు సాగదీసి పాడుదురు, ఒకరు పరుగెత్తించి పాడుదురు. చరణము చివర మా నాయనగారి వరుస పైకి పోవును, ప్రక్కవారి వరుస క్రిందికి దిగును. తొలిదినములలో అందరును ఒకే రేకుల షెడ్డులో కూడుకొనేవారు గనుక ఆ గజిబిజి నా చిన్ననాటి చెవులలో ఇంకను ఉన్నది. అది అందముగానే ఉండేదని ఒప్పుకొనవలె.

వాయిద్యములు హార్మోనియము, తబలా లేక డోలకు, తాళములు. కాలము నడిపేవి తాళములే. ఈ మాట గుర్తుంచుకొనుడి, దీనితో తరువాత పని కలదు. హార్మోనియము మన స్వంతమైనట్టును, గిటారు విదేశపుదైనట్టును పెద్దలు వాదించుట విన్నాను. హార్మోనియము కూడ పారిసులో పుట్టినదే. అలెగ్జాండర్ దెబెయిన్ 1842లో దానికి పేటెంటు పొందినాడు. చేతితో గాలి కొట్టునట్లు దానిని నేలమీదికి దించినది కలకత్తా వాసి ద్వారకానాథ్ ఘోష్, 1875లో. అది మన సంగీతమునకు తగదని ఆలిండియా రేడియోవారు 1940లో నిషేధించి, 1971 వరకు సడలించలేదు. కనుక ఏ వాయిద్యమునకైనను కొంతకాలము వాకిట నిలబడు కర్మము తప్పదు.

నా బాల్యమున బేస్ గిటారును వినకుండనే విన్నాను. మా ఇంట్లో చిన్న ట్రాన్సిస్టరు ఉండేది. సిలోను రేడియోలో తెలుగు పాటలు వచ్చేవి. అరచేతంత స్పీకరుకు మంద్రస్వరములు పలుకు శక్తి లేదు. అయితే మన చెవి చిత్రమైనది. పై కంపనములు మాత్రము వినబడినను, క్రింది స్వరము ఇదియని లోలోపల తానే కల్పించుకొనును. పెండ్లి పందిరిలోని గరాటా హారను సంగతి ఇంకా అన్యాయము. సెకనుకు 300 కంపనములకు లోపలిది ఏదియు దానిలోనుండి వచ్చుట దుర్లభము. అనగా బేస్ గిటారు తీగలు పలుకునదంతయు దాని గొంతుకు అడ్డమే. 1979లో సికింద్రాబాదులో ఒక క్రైస్తవ సభకు పోయినప్పుడు, పెద్ద పెట్టె ముందు నిలబడి, మొదటిసారి అసలైన బేసును విన్నాను. విన్నాననుట సరి కాదు. చొక్కా కదిలినది.

మరుసటి ఏడు బోనసు డబ్బుతో కలకత్తాలో చేసిన ఒక పాత బేస్ గిటారు కొన్నాను. మెడ కొంచెము వంగియున్నది. తీగలు మెడకు దూరముగా లేచియుండి నొక్కిన వ్రేళ్ళు కాయలు కాచినవి. దానితోనే ఒక ఆర్కెస్ట్రాలో చేరినాను. పగలు డ్యూటీ, రాత్రి ప్రోగ్రాము. మంచిర్యాల, బెల్లంపల్లి, పెద్దపల్లి, మంథని. లారీ మీద డ్రమ్ముల నడుమ పడుకొని తెల్లవారుజామున దిగి, నేరుగా మస్టరుకు పోయిన దినములు కలవు.

కొత్త తీగలు దొరకుట హైదరాబాదులోనే. బొగ్గు ధూళి, చేతి చెమట కలిసి తీగ చుట్ల సందులలో పట్టి, పదునుగా పలికే తీగ నెలలోగా మొద్దుబారేది. దానికి బేస్ వాయించువారందరు ఎరిగిన వైద్యము తీగలను నీళ్ళలో మరిగించుట. మురికి దిగి నాలుగు దినములు గలగల పలుకును. వెంటనే తుడిచి ఎండలో పెట్టకపోయిన త్రుప్పు పట్టును. నా భార్య మొదటిసారి పొయ్యిమీది గిన్నె మూత తీసి చూచి, "ఇదేం పులుసయ్యా?" అన్నది. ఆ గిన్నె ఆనాటినుండి నాకే చెందినది. తరువాతి కాలమున జేమర్సను సంగతి తెలిసి మరిగించుట మానినాను. మొద్దుబారిన తీగయే కీర్తనకు మేలని అప్పటికి నాకును తోచినది.

ఆంప్లిఫయరు రేడియో రిపేరు షాపులో కట్టించినది. 2ఎన్3055 అను ట్రాన్సిస్టర్లు రెండు వేసి, వెనుక రేకు తగిలించి ఇచ్చినారు. ఆ రోజులలో ఊరూర కట్టిన ఆంప్లిఫయర్లలో ఆ నంబరు ట్రాన్సిస్టరే ఎక్కువగా కనిపించేది. అది వేడెక్కేది గాని మోసము చేయలేదు. పెద్ద బాధ హమ్మింగు. స్విచ్చి వేయగానే తుమ్మెద పట్టినట్లు ఒక "మ్ఁ" అను నాదము. పెండ్లి పందిరిలో ఎర్తు ఉండదు. రెండు తీగలు గుచ్చి కరెంటు లాగుదురు. నేను ఎలక్ట్రీషియనును గనుక మేకు ఒకటి, ఉప్పు ఒక గుప్పెడు, నీళ్ళ చెంబు వెంట తీసికొనిపోయి పందిరి వెనుక భూమిలో ఎర్తు కొట్టుకొనేవాడను. పెండ్లివారు అది ఏదో శాంతి యనుకొనేవారు.

ఆ హమ్మింగు ఏ స్వరమో మీరెప్పుడైనా ఆలోచించినారా? మన కరెంటు సెకనుకు 50 సార్లు ఊగును. 1983లో మన ఎన్.టి.పి.సి. మొదటి 200 మెగావాట్ల యూనిటు తిరుగుట మొదలుపెట్టినప్పుడు, దాని చక్రము నిమిషమునకు 3000 చుట్లు, అనగా సెకనుకు 50 చుట్లు తిరిగినది. లావు తీగ మీద మూడవ ఫ్రెట్టు నొక్కిన 49 పలుకును. ఆ రెండింటికి ఒక కంపనమే తేడా. హమ్మింగు వచ్చునప్పుడు ఆ స్వరము వాయించిన సెకనుకు ఒకసారి ఊగుచు వినబడును. అనగా మన ఊరి పవర్‌హౌసే మాకు తంబూరా పట్టినది. 1990లలో దక్షిణ గ్రిడ్డు మీద భారము మించి 48 చిల్లరకు దిగిన రాత్రులు కలవు. అప్పుడు ఆ తంబూరా శృతి కూడ దిగేది, ఊగుట ఎక్కువ తక్కువ అయ్యేది. మీటరు చూడకుండనే "ఈ రాత్రి గ్రిడ్డు కుంగినది" అని నేను చెప్పగా తోటివారు నవ్వేవారు. 2013 డిసెంబరు 31న రాయచూరు, షోలాపూరు నడుమ 765 కిలోవోల్టుల లైనుతో దక్షిణ గ్రిడ్డు మిగతా దేశముతో కలిసినది. ఎదురెదురుగా చుట్టిన రెండు చుట్టలలో ఈ హమ్మింగు ఒకదానినొకటి కొట్టివేసుకొనును. 1957లో ఫెండరు చేసినది ఇదియే. నేను అటువంటి వాయిద్యము చేతబట్టునాటికి నాకు నలుబది దాటినవి. మేకు, చెంబు ఇంటివద్ద విడిచిపెట్టినాను.

గుడిలోనికి బేస్ గిటారు వచ్చినది 1984లో. క్రిస్మసు పాటలకు యౌవనస్థుల సమాజమువారు అడుగగా తెచ్చినాను. పండుగ వరకు ఎవరును మాటలాడలేదు. పండుగ వెళ్ళిన పిమ్మట ఆదివారపు ఆరాధనలో కూడ నిలబడగానే గొడవ మొదలైనది. అది సినిమా వాయిద్యమని, ఆర్కెస్ట్రాలో తాగినవారి యెదుట వాయించినదే ఇక్కడ వాయించరాదని కొందరు. తప్పు లేదు, వాయించినమాట నిజమే. అందరికంటె గట్టిగా ఎదిరించినది ఒక పెద్దయ్య. పేరు వ్రాయను, వారి పిల్లలు ఇప్పటికిని మన సంఘములోనే కలరు. ఆయన తొలుత రాతి డ్రిల్లు మీద, తరువాత టింబర్‌మనుగా ముప్పది ఏండ్లు బాయిలో పనిచేసినవారు. అయ్యగారు ఇరుపక్షముల మాట విని, మూడు ఆదివారములు చూచి కమిటీ నిర్ణయించవలెనన్నారు.

మొదటి ఆదివారము నిజముగా చెడ్డగానే పలికినది. ప్లైవుడ్డుతో వడ్రంగి చేసిన పెట్టెలో పన్నెండంగుళముల స్పీకర్లు రెండు. ఏ స్వరము వాయించినను పెట్టె బరబరమనేది. ఆరాధన తరువాత పెద్దయ్య నేరుగా నా దగ్గరకు వచ్చినారు. తిట్టుదురనుకొన్నాను. ఆయన వంగి, వ్రేలి కణుపుతో పెట్టె ప్రక్క పలకను కొట్టి చెవి పెట్టినారు. కొంచెము జరిగి మరల కొట్టినారు. బాయిలో కప్పును కర్రతో తట్టి చూచునట్లే. గట్టి కప్పు ఖణేలుమనును, పొర విడిన కప్పు బోలుగా పలుకును. ఆ తేడా వినలేని టింబర్‌మను ఎక్కువ కాలము బ్రతుకడు.

"గీడ బోలుగ పలుకుతాంది బిడ్డా," అన్నారు. "లోపల సపోర్టు పెట్టలేదు. నడుమల ఒక అడ్డదుంగ కొట్టు."

నేను "సరే పెద్దయ్యా" అన్నాను. పెట్టె విప్పి, ఎదురెదురు పలకల నడుమ సరిగ్గా ఆయన కొట్టిన చోట అడ్డకట్టె బిగించినాను. బరబర మాయమైనది. స్పీకరు శబ్దము పలక వణకుటలో ఖర్చు కాకుండ బయటికి రావలెనని, లోపల అడ్డకట్టెలు తప్పవని తరువాత పుస్తకములలో చదివినాను. గురువు మాత్రము ఆయనే. అయినను ఆ దినమున వెళ్ళిపోవుచు, "గిది గుడికి మాత్రం వద్దు" అనియే పోయినారు.

మూడవ ఆదివారమున ఒక సంగతి జరిగినది. నిదానపు కీర్తన నడుచుచుండగా రెండవ చరణములో కరెంటు పోయినది. బేసు నిలిచిపోయినది. హార్మోనియము, తబలా, తాళములు యథాప్రకారము నడచుచునే ఉన్నవి. పని లేక నిలబడి సంఘమును చూచుచున్నాను. ముందు వరుసలవారు సరిగానే పాడుచున్నారు. వెనుక బెంచీలలోని పెద్దలు మెల్లగా వెనుకబడసాగినారు. ముందు అర అక్షరము, తరువాత ఒక అక్షరము. చరణము ముగియునప్పటికి ముందువారు ఆగిపోగా వెనుకవారు ఒక మాట మిగిలి పాడుచున్నారు. అయిదు నిమిషములకు కరెంటు వచ్చినది. నేను ఆధార స్వరము మీటగానే నాలుగు దెబ్బలలో అందరును ఒక్కటైనారు. యాదృచ్ఛికమనుకొన్నాను. పరీక్షింపదలచి తరువాతి పాటలో ఒక చరణము కావలెననే వాయించలేదు. మరల అదే జరిగినది.

ఆరాధన తరువాత పెద్దయ్యను బయట వేపచెట్టు క్రింద అడిగినాను. ఆయన కొంతసేపు మాటలాడలేదు. తరువాత అన్నారు: "తాళాలు నాకు ఇనబడుడు ఎప్పుడో బందైనయి బిడ్డా. ముందటోల్ల పెదిమెలు సూసి పాడుతాన. నీ డబ్బ మోగుతె బెంచి కింద కాళ్ళకు తెలుస్తది."

దీనికి కారణము వైద్యులు చెప్పగా తరువాత తెలిసికొన్నాను. డ్రిల్లు, గాలి ఫ్యాను, హాలేజీ ఇంజను, తూటా పేలుడు, వీటి నడుమ ఏండ్ల తరబడి పనిచేసినవారి చెవి అన్ని స్వరములను ఒకేసారి కోల్పోదు. మొట్టమొదట పోవునది 4000 కంపనముల చుట్టుపట్లనున్న సన్నని ధ్వని. ఇత్తడి తాళముల గణగణ ఆ ఇరుగుపొరుగుననే ఉన్నది. "స", "ష", "త" వంటి అక్షరముల పదును కూడ అక్కడనే ఉండుటచేత మాట వినబడును గాని తెలియదు. మంద్రస్వరములు చివరివరకు మిగులును. గనులలో శబ్దము 90 డెసిబెళ్ళు మించరాదని గనుల భద్రతా డైరెక్టరేటువారు 1975లోనే సర్క్యులరు ఇచ్చినారు. అప్పటికే పదిహేను, ఇరువది ఏండ్లు డ్రిల్లు పట్టినవారికి ఆ కాగితము ఆలస్యముగా చేరినట్లే. మన సంఘములో కాలము నడిపే వాయిద్యము తాళములు. వెనుక బెంచీలలో కూర్చున్నవారిలో సగముమందికి వినబడనివి ఆ తాళములే. ఇన్నేండ్లుగా వారు మనతో పాడుట లేదు, మన పెదవులు చూచి వెంబడించుచున్నారు. ఆ సంగతి ఎవ్వరికి తెలియదు. వారును చెప్పలేదు. చెవుడని పేరు పడిన మనిషిని బాయిలోనికి దింపరేమో అను భయమున మొదలైన మౌనము, రిటైరైన తరువాత అలవాటుగా మిగిలినది.

కమిటీలో పెద్దయ్య లేచి "ఉండనియ్యుండ్రి" అని ఒక్క మాట అన్నారు. కారణము చెప్పలేదు. నేనును చెప్పలేదు.

ఆ దినమునుండి నా వాయించు పద్ధతి మారినది. ఆర్కెస్ట్రాలో నేర్చిన విన్యాసములు గుడి వాకిట చెప్పులతోపాటు విడిచినాను. మన కీర్తనలు పెక్కు రాగములలో కట్టినవి. పాశ్చాత్య పద్ధతిలో మాటిమాటికి కార్డు మార్చిన రాగము నలుగును. కనుక షడ్జమమును, పంచమమును పట్టుకొనియుండి, పల్లవి తిరుగు చోట మాత్రము కదలుట మంచిది. గాంధారము జోలికి పోరాదు, అది పాడువారి సొత్తు. పురుషులు తరచు పాడు ఒకటిన్నర శృతికి ఆధార షడ్జమము రెండవ లావు తీగ నాలుగవ ఫ్రెట్టు, సెకనుకు 69 కంపనములు. దాని పంచమము లావు తీగ నాలుగవ ఫ్రెట్టు, 52. రెండును ఒకే ఫ్రెట్టు మీద ఉండుటచేత చేయి కదలనక్కరలేదు. తీగను మెడ దగ్గర మీటిన గుండ్రముగా పలుకును, బ్రిడ్జి దగ్గర మీటిన గరుకుగా పలుకును. ట్రెబులు బిరడాను సగమునకు పైగా దించినాను. బ్రిడ్జి దగ్గర తీగల క్రింద పాత దుప్పటి ముక్క దూర్చినాను. స్వరము పొట్టిగా, మద్దెల దెబ్బవలె పడి ఆగును. కాలము తెలియుటకు స్వరము ఎంత అవసరమో, అది ఆగుటయు అంతే అవసరము.

పెట్టె ఎక్కడ పెట్టవలెననునది కూడ చిన్న సంగతి కాదు. 41 కంపనముల ధ్వని ఒక అల పొడవు ఇంచుమించు 27 అడుగులు. అంత పెద్ద అల చిన్న హాలులో కొన్ని చోట్ల పోగుపడును, కొన్ని చోట్ల ఖాళీ పడును. గోడల మూలన పెట్టిన బలము పెరుగును. నేను పెట్టెను వేదిక మీదినుండి తీసి వెనుక మూలకు, పెద్దల బెంచీల దగ్గర నేల మీద పెట్టినాను. ముందున్నవారికి తక్కువ వినబడినది, వెనుకవారి కాళ్ళకు అందినది. మా పాత హాలులో మూడవ తీగ రెండవ ఫ్రెట్టు వాయించిన రేకుల కప్పు గజగజలాడేది. దానిని తప్పించుకొని పైనో క్రిందనో తిరిగేవాడను.

1990లలో కీబోర్డులు వచ్చినవి. ఎడమచేతితో మూడు మెట్లు నొక్కిన డ్రమ్ము, బేసు, గిటారు అన్నియు తమంతట తామే నడచును. ఆర్కెస్ట్రాలవారు అయిదుగురి బదులు ఇద్దరిని పిలువసాగినారు. పోయినవాడు మొదట బేస్ గిటారిస్టే. నాకు జీతముండెను గనుక తిన్నాను. వాయిద్యమునే నమ్ముకొన్న ఇద్దరు స్నేహితులలో ఒకడు ఆటో కొన్నాడు, ఒకడు బొంబాయి పోయినాడు. గుడిలో కూడ పదేండ్లు కీబోర్డు బేసే నడచినది. నేను పక్షపాతిని, ఒప్పుకొందును. కీబోర్డు తన వేగము తాను పోవును, ముసలివాడు శ్వాస తీసికొనువరకు ఆగదు. 2006లో క్రొత్త గురువుగారు వచ్చి నన్ను మరల నిలబెట్టినారు.

అప్పటికి బాయిలు కూడ మారినవి. భూగర్భ గనులు ఒక్కొక్కటిగా మూతపడి ఓపెన్‌కాస్టులు పెరిగినవి. 1990ల ఆరంభమున లక్ష దాటియున్న సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు నలుబది వేల ప్రాంతమునకు వచ్చినది. క్వార్టర్లు ఖాళీ అయినవి. పిల్లలు హైదరాబాదు పోయినారు. కప్పు తట్టి చెప్పగల చెవులు వెనుక బెంచీలలో ఒక్కొక్కటిగా తగ్గినవి. పెద్దయ్య 2003లో నిద్రించినారు. సమాధి కార్యక్రమమున కరెంటు లేని చోట బేసు వాయింపలేకపోయినందుకు నాకు ఇప్పటికి కొరత.

నేటి యౌవనస్థులు అయిదు తీగల బేసులు తెచ్చుచున్నారు. అయిదవ తీగ 31 కంపనములకు దిగును. వారి వ్రేళ్ళు నావాటికంటె నేర్పుగలవి. కాని డ్రమ్ములు, స్పీకర్లు పెట్టు మ్రోతకు ఆదివారపు మూడు గంటలు ఒక షిఫ్టు వలె ఉన్నవి. ఒకటి రెండుసార్లు వాల్యూము తగ్గించుమని అడిగి "పాత మనిషి" అనిపించుకొన్నాను. డ్రమ్ముల ప్రక్కన నిలబడు ఆ పిల్లవానికి చెవులలో పెట్టుకొనుటకు రబ్బరు బిరడాలు కొనియిచ్చినాను. జేబులో పెట్టుకొని తిరుగుచున్నాడు.

గత సంవత్సరము హైదరాబాదులో నా చెవులు పరీక్షించినారు. కాగితము మీద గీత 4000 దగ్గర గోతిలో దిగినది. మోటారు రూములు కొంత, ఆర్కెస్ట్రా స్టేజీలు కొంత. డాక్టరుగారు వివరింపబోగా నేనే గీత మీద వ్రేలు పెట్టి చూపినాను. ఇప్పుడు బేసు మన సంఘపు ఇంటరు చదువు అమ్మాయి వాయించుచున్నది. పాత దుప్పటి ముక్క దానికే యిచ్చినాను. పెట్టె అదియే, అడ్డకట్టె అదియే. నేను వెనుక బెంచీలో, పెట్టె ప్రక్కన, చెప్పులు విడిచి కూర్చుందును. మొన్న పామ్ సండే నాడు చరణము చివర దాని వ్రేలు తడబడి ఒక దెబ్బ తప్పినది. మా బెంచీలో అయిదుగురమును ఒక్కసారి తలలెత్తి చూచినాము.